ఏడీఏ2ని తుడవకండి, పోయిన డిస్క్ అది కాదు

ఆగండి. జీపార్ట్ (డిస్క్‌ని పార్టిషన్లుగా విడగొట్టే, చెరిపే) కమాండ్ కొట్టకముందే ఇది చదవండి.

మీరు రాసింది ఇదీ. ఆఫీసులో ఫ్రీబీఎస్‌డీ 13 అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే ఫైల్ సర్వర్. నాలుగు 4 టీబీ డిస్కులు, రెండేసి చొప్పున రెండు మిర్రర్లు (జోడీలో ఒకదాని మీదున్నదే రెండోదాని మీదా ఉంటుంది), అంతా కలిపి జెడ్‌రూట్ అనే ఒకే జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్, అంటే ఆ ఫైల్ సిస్టమ్ డిస్కులన్నిటినీ కలిపి వాడే నిల్వ. సిస్టమ్ బూటయ్యేది కూడా దాన్నుంచే. మొన్న రాత్రి ఏడీఏ2 అనే డిస్క్ ఎర్రర్లు ఇచ్చింది, పూల్ డిగ్రేడెడ్ అయింది, అంటే లోటుతో నడుస్తోంది. ఓసారి రీబూట్ చేశారు. ఇప్పుడు జెడ్‌పూల్ స్టేటస్ కొడితే ఒక పొడుగాటి అంకె, దాని పక్కన ‘ఇదివరకు ఏడీఏ2పీ3’ (ఏడీఏ2 మూడో పార్టిషన్) అన్న మాట కనిపిస్తున్నాయి. దాని కిందే ఏడీఏ2పీ3 ఆన్‌లైన్ అని ఇంకో వరస ఉంది. ఒకే డిస్క్ రెండుసార్లు ఎందుకు కనిపిస్తోంది, దాన్ని తుడిచి మళ్లీ కలిపితే కొన్నాళ్లు నెట్టుకురావచ్చా, కొత్తది పెట్టాలంటే సర్వర్ ఆపి మార్చేస్తే చాలా అని అడిగారు.

ఆ ఏడీఏ2ని తుడిస్తే మీ పూల్ మొత్తం పోతుంది. ఇప్పుడు ఏడీఏ2 అన్న పేరుతో కనిపిస్తున్నది పోయిన డిస్క్ జోడీ. మొన్నటిదాకా దాని పేరు ఏడీఏ3.

ఎందుకంటే ఏడీఏ0, ఏడీఏ1 అన్నవి డిస్కుకి పెట్టిన పేర్లు కావు. బూటయ్యేటప్పుడు కెర్నెల్‌కి (సిస్టమ్ గుండెకాయకి) ఏ డిస్క్ ఎన్నోదిగా దొరికిందో ఆ వరస అంకె మాత్రమే. రేషన్ షాపు క్యూలో మూడో మనిషి ఇంటికి వెళ్లిపోతే నాలుగో మనిషి ఒక అడుగు ముందుకొచ్చి మూడోవాడవుతాడు. మీ దగ్గర జరిగింది అదే. పోయిన డిస్క్ రీబూట్‌లో అసలు పలకలేదు, దాని వెనకున్నది ముందుకు జరిగింది. జెడ్‌ఎఫ్‌ఎస్ మాత్రం ఈ వరస అంకెల మీద ఆధారపడదు. పూల్‌లో చేరిన ప్రతి భాగం మీదా మొదట్లో రెండు, చివర్లో రెండు లేబుళ్లు రాసి పెట్టుకుంటుంది, ఒక్కోటి 256 కేబీ. అందులో ఆ డిస్క్ గుర్తింపు సంఖ్య ఉంటుంది. పేరు మారినా లేబుల్ చదివి బతికున్న జోడీని సరిగ్గా గుర్తు పట్టింది. కనిపించనిదానికి చూపించడానికి పేరేమీ మిగల్లేదు కాబట్టి ఆ సంఖ్యనే వేసి, పాత పేరు పక్కన గుర్తు చేసింది. అంటే మీరు చూసినవి రెండు వేర్వేరు డిస్కులు.

సోలారిస్ అనే పాత యూనిక్స్ కాలం నుంచి వచ్చిన మాలాంటివాళ్లకు ఇది అలవాటు పడటానికి టైం పట్టింది. అక్కడ సీ1టీ2డీ0 అంటే ఫలానా కంట్రోలర్ మీద ఫలానా టార్గెట్ అని అర్థం. పాత స్కజీ (అప్పటి డిస్క్ కనెక్షన్ పద్ధతి) పెట్టెల్లో పక్క డిస్క్ తీసేసినా ఆ పేరు కదలదు, చోటుకి అంటుకుని ఉండేది. లైనక్స్‌లో ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు కూడా మీ ఏడీఏల్లాగే జరుగుతాయి.

ఇప్పుడు మీరున్న పరిస్థితి. రెండు మిర్రర్లలో ఒకటి నిక్షేపంగా ఉంది. రెండోది ఒంటికాలి మీద నిలబడి ఉంది. జెడ్‌ఎఫ్‌ఎస్ డేటాని రెండు మిర్రర్ల మీదా పరుస్తుంది కాబట్టి ఆ ఒంటరి డిస్క్ పోతే సగం డేటా పోయి సగం మిగలడం ఉండదు, పూల్ మొత్తం తెరుచుకోదు. రెండు డిస్కులూ ఒకే రోజు కొన్నవైతే ఒకే లాట్‌వి అయి ఉంటాయి, ఒకే గదిలో, ఒకే వేడిలో, ఒకే కరెంటు కోతల మధ్య అన్నే గంటలు తిరిగాయి. ఒకదాని ఆయువు తీరినప్పుడు రెండోదాన్ని ఆరోగ్యవంతుడిగా లెక్క వేసుకోను నేను.

అందుకని మొదటి పని బ్యాకప్. మీ దగ్గర పాత బ్యాకప్ ఉన్నా సరే, ఈ రోజు తాజాగా ఇంకోటి. మొత్తం పూల్‌కి స్నాప్‌షాట్ (ఆ క్షణంలో ఉన్నది ఉన్నట్టు నిలిపిన ప్రతి) తీసి జెడ్‌ఎఫ్‌ఎస్ సెండ్‌తో బయటి యూఎస్‌బీ డిస్క్ మీదికి పంపడం పద్ధతి. కానీ అది గంటల తరబడి ఆ ఒంటరి డిస్క్‌ని చదువుతూనే ఉంటుంది. కాబట్టి మళ్లీ పుట్టించలేనివి ముందు తీసుకోండి. ట్యాలీ డేటా, డేటాబేస్ డంప్, స్కాన్ చేసిన సంతకాల కాగితాలు, సెట్టింగులుండే స్లాష్ ఈటీసీ ఫోల్డర్. ఇన్‌స్టాలర్లు, సినిమాలు, పాత ఐఎస్ఓ ఫైళ్లు ఆఖర్న. ఇది చేయకుండా సర్వర్ ఆపవద్దు. ఏళ్ల తరబడి ఆగకుండా తిరిగిన డిస్క్ ఒకసారి చల్లబడ్డాక మళ్లీ లేవకపోవడం నేను కళ్లారా చూశాను. తిరుగుతున్నంతసేపూ నడిచింది, ఆపాక నడవలేదు.

ఇక ఏది తీయాలో తేల్చుకోవడం. దీని గురించి ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే డిస్క్ చెడినందువల్ల డేటా పోగొట్టుకున్నవాళ్లకంటే తప్పు డిస్క్ తీసి పోగొట్టుకున్నవాళ్లను నేను ఎక్కువ మందిని చూశాను. ఒకసారి ఆ తప్పు నాదే.

పదేళ్ల పైమాట. ఒక జిల్లా కేంద్రంలోని ఆఫీసు సర్వర్, నాలుగు డిస్కుల రైడ్‌జెడ్1. అంటే ఒకటి పోతే ఓర్చుకుంటుంది, రెండు పోతే ఓర్చుకోదు. నేను హైదరాబాద్‌లో టెర్మినల్ ముందు ఉన్నాను. అక్కడ ఒక కుర్రాడు ర్యాక్ ముందు ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. మంచి పనిమంతుడు, ఏం చెబితే అది జాగ్రత్తగా చేస్తాడు. పోయింది 1వ నంబర్ బే (డిస్క్ ట్రే దూరే అర). బేలు 0 నుంచి మొదలవుతాయి కాబట్టి నా లెక్కలో అది రెండోది.

‘సార్, రెండోదేనా?’ అన్నాడు.

‘ఆ, రెండోదే. మెల్లగా లాగు.’

అతని కళ్ల ముందు ట్రేల మీద 0, 1, 2, 3 అని అచ్చు వేసి ఉంది. 2 అని రాసి ఉన్నది తీశాడు. నా దగ్గర స్క్రీన్ నిలిచిపోయింది. ఎల్ఎస్ కొట్టాను, జవాబు రాలేదు. ఇంతలో ఫోన్‌లో అతని గొంతు. ‘సార్, తీశాను. చేతిలో ఇంకా తిరుగుతోంది సార్, జివ్వుమంటోంది.’

మేం తీయాల్సిన డిస్క్ ఆ రోజు మధ్యాహ్నం నుంచే తిరగడం లేదు.

అక్కడే ఉండు, తిరగడం ఆగేదాకా చేతిని కదపకు అన్నాను. అర నిమిషం ఆగి అదే చోట మళ్లీ పెట్టించాను. కెర్నెల్ దాన్ని గుర్తించాక జెడ్‌పూల్ క్లియర్ కొడితే పూల్ లేచింది. జెడ్‌ఎఫ్‌ఎస్ తన దగ్గర డిస్కులు చాలవని తెలియగానే రాతలు నిలిపేసి ఎదురు చూస్తుంది, అదే కాపాడింది. అప్పుడు రాస్తున్న కొన్ని ఫైళ్లు మాత్రం పాడయ్యాయి, స్టేటస్‌లో వాటి పేర్లు వరసగా వచ్చాయి. ముందు రోజు బ్యాకప్ నుంచి వాటిని తెచ్చుకున్నాం. ఆ కుర్రాడి తప్పు ఇసుమంతైనా లేదు. ‘రెండోది’ అన్న మాటకి ఇద్దరికీ ఒకే అర్థం ఉంటుందని నేననుకోవడం తప్పు.

అప్పటి నుంచి ఫోన్‌లో నేను ఒకటోది, రెండోది, ఎడమది, కిందది అనను. సీరియల్ నంబర్ చివరి నాలుగు అక్షరాలు చెబుతాను. అవతలివాళ్లు డిస్క్ మీద చూసి నాకు తిరిగి చదివి వినిపించాలి. రెండూ కలిసేదాకా ఎవరూ ఏదీ లాగరు.

మీ విషయంలో పోయిన డిస్క్ పలకడం లేదు కాబట్టి దాని సీరియల్ నంబర్ సిస్టమ్‌ని అడిగితే రాదు. అందుకని ఉల్టాగా వెళ్లండి. బతికున్న మూడింటి నంబర్లు రాసుకోండి. జియోమ్ డిస్క్ లిస్ట్ అని కొడితే ప్రతి డిస్క్‌కీ ఐడెంట్ అన్న వరసలో సీరియల్ నంబర్ వస్తుంది, వేరే ప్యాకేజీ ఏదీ అక్కర్లేదు. ఆ మూడూ కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాయండి. పెట్టె తెరిచాక ఆ కాగితంలో లేని నంబర్ ఏ డిస్క్ మీద ఉందో అదే మీ డిస్క్. కొన్న బిల్లు మీద నాలుగు నంబర్లూ ఉంటే దానితో కూడా పోల్చుకోండి.

ఇంకో ఆధారం ఉంది. వార్ లాగ్ ఫోల్డర్‌లోని మెసేజెస్ ఫైల్‌లో మొన్న రాత్రి వరసలు తీయండి. ఏడీఏ2 పేరు పక్కనే ఏహెచ్‌సీఐసీహెచ్2 లాంటి పేరు ఉంటుంది. అది మదర్‌బోర్డు మీద సాటా పోర్టు. డిస్క్ పేరు జరిగినా ఈ పోర్టు పేరు జరగదు. ఇప్పుడు క్యామ్‌కంట్రోల్ డెవ్‌లిస్ట్ హైఫన్ వీ కొట్టి చూస్తే ఆ పోర్టు ఖాళీగా, దాని తర్వాతి పోర్టు మీద ఇప్పటి ఏడీఏ2 కనిపించాలి. ఇలా కనిపిస్తే నేను మొదట చెప్పింది మీ కళ్లతో మీరే రూఢి చేసుకున్నట్టు. కనిపించకపోతే ఇక్కడితో ఆగి ఆ వరసలు నాకు పంపండి.

ఆ లాగ్ వరసల్లోనే అసలు డిస్క్ పోయిందా, కేబుల్ పోయిందా అన్నది కూడా కొంత తెలుస్తుంది. చదవడంలో యూఎన్‌సీ అని ఎర్రర్ వస్తే ప్లేటర్ (డిస్క్ లోపల తిరిగే పళ్లెం) మీద ఆ చోటు చదవలేకపోయిందని, అంటే డిస్క్‌దే దోషం. ఉత్త టైమ్‌అవుట్లు మాత్రమే ఉంటే కేబుల్, పవర్ కనెక్టర్, కంట్రోలర్, డిస్క్ ఏదైనా కావచ్చు. కేబుల్ దోషమైతే స్మార్ట్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) వివరాల్లో 199 నంబర్ గణన, అంటే దారిలో డేటా చెడిన సీఆర్‌సీ ఎర్రర్లు, పెరుగుతూ ఉంటుంది. 5, 197, 198 నంబర్లు పెరిగితే అది డిస్క్ ఉపరితలం సంగతి. పెట్టె తెరిచినప్పుడు కొత్త సాటా కేబుల్ ఒకటి, వేరే పవర్ కనెక్టర్ ఒకటి పెట్టి పాత డిస్క్‌ని ఒక్కసారి చూడండి. కేబుల్‌దే తప్పయి డిస్క్ మళ్లీ పలికితే పూల్ దాన్ని తనంతట తాను చేర్చుకుని, అది లేని రెండు రోజుల్లో రాసినవి మాత్రమే కాపీ చేస్తుంది, నిమిషాల పని.

రీబూట్‌కి ముందు స్మార్ట్ ‘పాస్డ్’ అనే చూపించింది కదా అని కూడా అడిగారు. ఆ మాటని నమ్మకండి. 2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కుల లెక్కలు తీసి ఒక పత్రం ప్రచురించారు. పోయిన డిస్కుల్లో 36 శాతానికి పైగా వాటికి స్మార్ట్ గణనలు ఒక్కటి కూడా ముందు పెరగలేదు. స్మార్ట్ బాగుందంటే డిస్క్ బాగుందని కాదు. కానీ స్మార్ట్ బాగాలేదంటే మాత్రం వినాలి. అదే పత్రంలో ఇంకో లెక్క ఉంది. మొదటి స్కాన్ ఎర్రర్ (డిస్క్ తన ఉపరితలాన్ని తానే పరీక్షించుకున్నప్పుడు దొరికే లోపం) కనిపించిన డిస్క్, కనిపించని డిస్క్ కంటే, తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం 39 రెట్లు ఎక్కువ. అందుకే ‘తుడిచి కొన్నాళ్లు నెట్టుకురావచ్చా’ అన్న ప్రశ్నకి, అది సరైన డిస్క్ అయినా, నా జవాబు వద్దనే.

కొత్త డిస్క్ కొనేటప్పుడు. కంపెనీ వేరైనా ఫర్వాలేదు, వేరైతేనే నాకు ఇష్టం, ఒకే లాట్ బెడద ఉండదు. పరిమాణం మాత్రం పాతదానికంటే ఒక్క సెక్టార్ కూడా తక్కువ ఉండకూడదు. ఈ రోజుల్లో 4 టీబీ అని అమ్మే డిస్కులు దాదాపు అన్నీ 4,000,787,030,016 బైట్లే, డిస్క్‌ఇన్ఫో కొట్టి పోల్చుకోండి. షింగిల్డ్ రకం, అంటే ఎస్ఎంఆర్ అని రాసి ఉన్నవి తీసుకోకండి. వాటిలో ట్రాక్‌లు ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, ఒకటి మార్చాలంటే పక్కవి కూడా తిరగరాయాలి. మామూలుగా వాడుతున్నప్పుడు తేడా తెలియదు. మిర్రర్‌ని మళ్లీ నింపేటప్పుడు గంటల పని రోజులవుతుంది, ఆ రోజులన్నీ మీ ఒంటరి డిస్క్ మీదే భారం. మోడల్ నంబర్ పట్టుకుని కంపెనీ డేటాషీట్‌లో సీఎంఆర్ (ట్రాక్‌లు ఒకదాని మీద ఒకటి ఎక్కని రకం) అని రాసి ఉందో లేదో చూసుకున్నాకే డబ్బులివ్వండి.

సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా ఇంటికి రాగానే ఇంకో మెషీన్‌కి తగిలించి స్మార్ట్ వివరాల్లో 9వ నంబర్, పవర్ ఆన్ అవర్స్ చూడండి. కొత్తదైతే సున్నా దగ్గర ఉండాలి. వేలల్లో ఉంటే అది ఎక్కడో సర్వీసు చేసి వచ్చిన డిస్క్, తిరిగి ఇచ్చేయండి. ఆ గణనని కూడా వెనక్కి తిప్పి అమ్మేవాళ్లు ఉన్నారు కాబట్టి, స్క్రూలు బిగించే రంధ్రాల దగ్గర గీతలున్నాయా అని కంటితో కూడా చూడండి. తర్వాత స్మార్ట్ లాంగ్ టెస్ట్ పెట్టండి. 4 టీబీ మొత్తం చదవడానికి ఏడెనిమిది గంటలు పడుతుంది. ఈలోగా మీ బ్యాకప్ కూడా పూర్తవుతుంది.

ఇప్పుడు మార్చే రోజు. మీది టవర్ పెట్టె, హాట్‌స్వాప్ ట్రేలు లేవు కాబట్టి సర్వర్ మామూలుగా షట్‌డౌన్ చేసి, పవర్ కేబుల్ పీకి, పెట్టె లోహాన్ని ఒకసారి ముట్టుకుని మొదలుపెట్టండి. డిస్క్‌ని బయటికి లాగకముందే, అది ఉన్నచోటే, చివరనున్న స్టిక్కర్ మీది సీరియల్ నంబర్ చదవండి. దుమ్ము పట్టి ఉంటుంది, గుడ్డతో తుడిచి, సెల్‌ఫోన్ టార్చ్ వేసి చదవండి. 8కీ బీకీ, 0కీ ఓకీ తేడా తెలియకపోతే ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. ఆ నంబర్ మీ కాగితంలో లేదు కదా? అప్పుడే కేబుల్ పీకండి. మిగిలిన మూడింటి స్టిక్కర్లు కూడా ఈ అవకాశంలోనే ఫోటోలు తీసి, చివరి నాలుగు అక్షరాలు చిన్న చీటీ మీద రాసి ప్రతి డిస్క్ బయటి వైపు అంటించండి. వచ్చేసారి ఇవన్నీ పెట్టె తెరవగానే కనిపిస్తాయి.

కొత్తదాన్ని అదే పోర్టుకి తగిలించి ఆన్ చేయండి. ఇక్కడ పేర్లు మళ్లీ జరుగుతాయి. నాలుగూ పలుకుతాయి కాబట్టి కొత్త ఖాళీ డిస్క్ ఏడీఏ2 అవుతుంది, మీ ఒంటరి డిస్క్ తిరిగి ఏడీఏ3 అవుతుంది. నిన్నటిదాకా ముట్టుకోవద్దన్న పేరే ఈ రోజు రాయాల్సిన డిస్క్ పేరు. కాబట్టి జ్ఞాపకాన్ని నమ్మకుండా జియోమ్ డిస్క్ లిస్ట్‌తో సీరియల్ నంబర్ చూసుకోండి. రెండో పరీక్షగా జీపార్ట్ షో ఏడీఏ2 అని కొట్టండి. ఖాళీ డిస్క్ అయితే అలాంటి జియోమ్ లేదని ఎర్రర్ రావాలి. పార్టిషన్ల పట్టిక కనిపిస్తే మీరు తప్పు డిస్క్ ముందున్నారు.

పార్టిషన్ల పట్టికని ఏడీఏ0 నుంచి తెచ్చుకుంటాం. జీపార్ట్ బ్యాకప్ ఏడీఏ0 అని కొట్టి దాన్ని ఒక ఫైల్‌లోకి మళ్లించండి, తెరిచి చదవండి, తర్వాత ఆ ఫైల్‌ని జీపార్ట్ రిస్టోర్ ఏడీఏ2కి ఇవ్వండి. నెట్‌లో దొరికే సూచనల్లో ఈ రెండిటినీ ఒకే వరసలో పైపుతో కలిపి, రిస్టోర్‌కి పెద్ద ఎఫ్ ఆప్షన్ తగిలించి చెబుతారు. ఆ ఎఫ్ ఉన్న పట్టికని అడగకుండా చెరిపేస్తుంది. మీ డిస్క్ ఖాళీది, దానికి ఎఫ్ అవసరం లేదు. ఎఫ్ లేకుండా రిస్టోర్ మొరాయించిందంటే అక్కడ పట్టిక ఉందని, అంటే మిమ్మల్ని ఆపి అది మేలే చేసింది. ఇలాంటి పని అర్ధరాత్రి నిద్రమత్తులో చేసేవాళ్లకి ఈ ఒక్క అక్షరం మీద పట్టింపు ఉండాలి.

తర్వాత జీపార్ట్ మోడిఫైతో మూడో పార్టిషన్‌కి ఒక లేబుల్ పెట్టండి, కొత్త డిస్క్ సీరియల్ చివరి నాలుగు అక్షరాలే లేబుల్. పూల్‌కి ఆ పేరుతోనే ఇస్తే ఇకమీదట స్టేటస్‌లో వరస అంకె బదులు ఆ నాలుగు అక్షరాలు వస్తాయి, డిస్క్ మీద చీటీతో నేరుగా పోల్చుకోవచ్చు. మిగిలిన మూడింటినీ కూడా ఎప్పుడైనా తీరికగా ఇదే పద్ధతికి మార్చుకోండి, ఈ రోజు కాదు.

ఇక చాలామంది మరిచిపోయేది బూట్ కోడ్, అంటే డిస్క్ నుంచి సిస్టమ్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్. జీపార్ట్ బ్యాకప్ పట్టికని మాత్రమే తెస్తుంది, పార్టిషన్ల లోపలున్నది తేదు. కొత్త డిస్క్ మీద బూట్ పార్టిషన్ ఉంటుంది కానీ లోపల ఏమీ ఉండదు. ఈ రోజు సర్వర్ ఏడీఏ0 నుంచి బూటవుతుంది కాబట్టి ఎవరికీ తెలియదు. రెండేళ్ల తర్వాత ఏడీఏ0 పోయి ఈ డిస్క్ మీద బూటవ్వాల్సిన రోజున నల్లటి స్క్రీన్ మీద కర్సర్ కొట్టుకుంటూ ఉంటుంది. డేటా క్షేమంగా ఉన్నా సర్వర్ లేవదు. ముందు సిస్‌సీటీఎల్‌తో మాచ్‌డెప్ డాట్ బూట్‌మెథడ్ విలువ చూడండి. బయాస్ అని వస్తే జీపార్ట్ బూట్‌కోడ్‌తో పీఎంబీఆర్, జీపీటీజెడ్‌ఎఫ్‌ఎస్‌బూట్ రెండూ రాయాలి. రెండోది వెళ్లాల్సింది ఫ్రీబీఎస్‌డీ హైఫన్ బూట్ రకం పార్టిషన్‌లోకి. అది ఒకటోదో రెండోదో జీపార్ట్ షోలో చూసి నంబర్ ఇవ్వండి, తప్పు నంబర్ ఇస్తే స్వాప్ మీదో డేటా మీదో రాసేస్తుంది. యూఈఎఫ్‌ఐ అని వస్తే ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ని ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసి, మౌంట్ చేసి, ఏడీఏ0 మీది అదే పార్టిషన్‌లో ఉన్న ఫోల్డర్లని ఉన్నవి ఉన్నట్టు కాపీ చేయండి.

స్వాప్ (మెమరీ చాలనప్పుడు డిస్క్ మీద వాడే చోటు) ఎలా పెట్టుకున్నారో రాయలేదు. ఎఫ్‌స్టాబ్‌లో ఏడీఏ2పీ2 అని విడిగా ఉంటే మొన్న రాత్రి ఆ డిస్క్ పోయిన క్షణంలో కొన్ని ప్రోగ్రాములు కూడా పడిపోయి ఉండాలి. జీమిర్రర్ (ఫ్రీబీఎస్‌డీలో రెండు డిస్కుల మీదా ఒకటే రాసే పద్ధతి) మీద స్వాప్ పెట్టుకుంటే ఆ బెడద ఉండదు.

ఇప్పుడు అసలు కమాండ్. జెడ్‌పూల్ రీప్లేస్, పూల్ పేరు, స్టేటస్‌లో కనిపించే ఆ పొడుగాటి అంకె, కొత్త పార్టిషన్ లేబుల్, ఇదే వరసలో. అంకెని చేత్తో టైప్ చేయకండి, కాపీ చేసి అతికించండి. జెడ్‌పూల్ యాడ్ అన్న కమాండ్ మాత్రం వద్దు. పేరు చూస్తే డిస్క్ కలపడానికి అదే సరైందనిపిస్తుంది కానీ అది కొత్త డిస్క్‌ని జోడీ లేని మూడో వరసగా పూల్‌కి అంటగడుతుంది. మిర్రర్ల మధ్య ఒంటరి డిస్క్ పెడుతున్నారని అదే హెచ్చరించి ఆగిపోతుంది, బలవంతంగా చేయాలంటే చిన్న ఎఫ్ పెట్టమంటుంది. ఆ ఎఫ్ పెట్టి ఇరుక్కున్నవాళ్లు చాలామంది.

రీప్లేస్ కొట్టగానే రిసిల్వర్, అంటే కొత్త డిస్క్‌ని జోడీ నుంచి నింపడం, మొదలవుతుంది. మామూలు రైడ్ అయితే డిస్క్ మొత్తం, ఖాళీ చోటుతో సహా కాపీ చేస్తుంది. జెడ్‌ఎఫ్‌ఎస్‌కి ఏ చోటు వాడకంలో ఉందో తెలుసు కాబట్టి డేటా ఉన్న చోట్లే కాపీ చేస్తుంది, పైగా ప్రతి బ్లాక్‌నీ చెక్‌సమ్‌తో సరిచూస్తుంది. మీ పూల్‌లో 2.6 టీబీ నిండి ఉందన్నారు, అందులో ఈ మిర్రర్ వాటా సుమారు సగం. వాడకం లేని రాత్రి అయితే మూడు నాలుగు గంటలు. పగలు అందరూ పనిచేస్తుంటే ఎంత సాగుతుందో చెప్పలేను. మొదట్లో స్టేటస్ చూపించే మిగిలిన సమయం రోజుల్లో ఉండొచ్చు, గాభరా పడకండి, మెటాడేటా చదివే దశ దాటాక వేగం అందుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటు నుంచే కొనసాగుతుంది, అయినా యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో ముందే చూసి పెట్టుకోండి. ఆ రాత్రి గదిలో ఏసీ ఆపకండి. వేసవిలో ఆఫీసు మూయగానే ఏసీ కూడా కట్టేసి తాళం వేయడం మన దగ్గర మామూలే. నింపుతున్న డిస్క్, నింపించుకుంటున్న డిస్క్ రెండూ ఆ గంటల్లో ఎప్పుడూ లేనంత పని చేస్తాయి. ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటకుండా నేను చూసుకుంటాను, దాటితే పెట్టె పక్క రేకు తీసి టేబుల్ ఫ్యాన్ పెడతాను.

రిసిల్వర్ అయ్యాక ఎర్రర్లు సున్నా అని వస్తే ఒక స్క్రబ్ (పూల్‌లోని డేటా అంతా చదివి సరిచూసే పని) కూడా నడపండి. స్టేటస్‌లో పాడైన ఫైళ్ల పేర్లు వస్తే ఆ ఒంటరి డిస్క్ మీద అప్పటికే చదవలేని చోట్లున్నాయని అర్థం. అవి బ్యాకప్ నుంచి తెచ్చుకుని, ఏడీఏ3కి కూడా కొత్త డిస్క్ చూసుకోండి. ఆ తర్వాత సెలవు రోజున ఒకసారి బయాస్‌లో వరస మార్చి ఈ కొత్త డిస్క్ నుంచి బూట్ చేసి చూడండి. బూట్ కోడ్ సరిగ్గా పడిందో లేదో తెలుసుకోవడానికి వేరే దారి లేదు.

ఈ డిస్క్ రాత్రి ఎర్రర్ ఇచ్చిన సంగతి మర్నాడు ఎవరో ఫైల్ తెరుచుకోవడం లేదన్నాకే మీకు తెలిసిందని రాశారు. పీరియాడిక్ డాట్ కాన్ఫ్ ఫైల్‌లో రోజువారీ జెడ్‌ఎఫ్‌ఎస్ స్టేటస్, రోజువారీ స్క్రబ్ పరిశీలన అనే రెండు వరసలు యెస్ అని పెట్టండి. రెండోది పెడితే మామూలుగా 35 రోజులకోసారి స్క్రబ్ నడుస్తుంది. రూట్ మెయిల్ మీ ఫోన్‌కి వచ్చేలా మళ్లించండి, స్మార్ట్ గణనల మీద కన్నేసి ఉంచే స్మార్ట్‌డీని కూడా నడిపించండి. మెయిల్ నిజంగా వస్తోందా అని ఒక టెస్ట్ మెయిల్ పంపుకుని చూడండి.

తీసిన పాత డిస్క్‌ని వెంటనే వారంటీకి పంపేయకండి, పాత సామాన్లవాడికి వేయకండి. దాని మీద ‘పోయినది’ అని తేదీతో రాసి, స్క్రబ్ శుభ్రంగా ముగిసేదాకా బీరువాలో ఉంచండి. రిసిల్వర్ మధ్యలో ఏడీఏ3 కూడా చేతులెత్తేస్తే, డేటా రికవరీ వాళ్ల దగ్గరికి తీసుకెళ్లడానికి మీ చేతిలో మిగిలేది అదొక్కటే. ఆఫీసు కాగితాలన్నీ దాని మీద ఇంకా ఉన్నాయి, ఎన్‌క్రిప్షన్ లేదని మీరే రాశారు. మోటారు తిరగకపోయినా ప్లేటర్ల మీద రాత చెదరదు. కాబట్టి వారంటీ డబ్బు కంటే ఆ కాగితాలు ముఖ్యమనుకుంటే క్లెయిమ్ వదులుకుని ప్లేటర్లకి డ్రిల్లు వేయించండి.

కమాండ్లు పలికినట్టు రాశాను, కొట్టేముందు మాన్ పేజీలో ఆప్షన్లు చూసుకోండి. ఈలోగా జియోమ్ డిస్క్ లిస్ట్ ఫలితం, మొన్న రాత్రి లాగ్ వరసలు, పూర్తి జెడ్‌పూల్ స్టేటస్ పంపండి. పూల్ అంకె, పోర్టు నంబర్ రెండూ నేను కూడా సరిచూసి చెప్పాకే పెట్టె తెరవండి.